సునీత పేరు మీద దారి మళ్లిన ట్యాంకర్లు

కరోనా రెండో విడత తగ్గిన తర్వాతి వేసవిలో నన్ను అనంతపురంలోని నీటి రవాణా నియంత్రణ కేంద్రానికి సిస్టమ్స్ అధికారిగా వేశారు. పదవీ విరమణ దగ్గర్లోనే ఉంది. అప్పటిదాకా నా ఉద్యోగమంతా ఆఫీసుల్లో కంప్యూటర్లు పెట్టించడం, నడిపించడం, కంపెనీలు రాసి తెచ్చిన ప్రోగ్రాములు చెప్పినట్టు పనిచేస్తున్నాయో లేదో పరీక్షించి సంతకం పెట్టడంతోనే గడిచింది. సంతకం పెట్టకపోవడం కూడా ఆ పనిలో భాగమే. దాని గురించే ఇక్కడ చెప్పబోతున్నాను.

కేంద్రానికి పెద్ద ఎగ్జిక్యూటివ్ ఇంజినీరు నాగభూషణం గారు. అందరూ ఈఈ గారనేవాళ్లు. ఆయన కింద మండలాల్లో ఏఈలు, అంటే అసిస్టెంట్ ఇంజినీర్లు. వాళ్లందరిదీ నీళ్ల వరస. నేను ఆ వరసలో లేను. ఈఈ గారికి జవాబుదారీనే అయినా, కంప్యూటరు విషయంలో నా సంతకం లేకుండా ఏదీ మొదలుపెట్టకూడదన్నది నియమం.

బోర్లు ఎండిపోయిన ఊళ్లకు తాగునీళ్లు పంపడం కేంద్రం పని. ఏ ట్యాంకరు ఎక్కడ నింపుకోవాలి, ఏ ఊళ్లో దించాలి అన్నది ఆపరేటర్లు ఒక వెబ్‌సైటులో నమోదు చేసేవారు. వెంటనే డ్రైవరు సెల్‌ఫోనుకు మెసేజి పోయేది. నీళ్లు దించే చోటును పాయింటు అనేవాళ్లం. పాయింటు మారితే మరో మెసేజి వెళ్లేది. దారిలో ఎవరైనా చెయ్యెత్తి తమ వీధికి రమ్మంటే పోకూడదని, మెసేజిని బట్టే నడవాలని డ్రైవర్లకు గట్టి ఆదేశం ఉండేది. బలమున్నవాడు ట్యాంకరును మళ్లించుకోకుండా పెట్టిన ఆదేశమది. దాంతో డ్రైవర్లు మెసేజిని ప్రశ్నించడం మానేశారు.

ఏప్రిల్‌లో ఒక ఉదయం బెళుగుప్ప మండలం నుంచి లక్ష్మక్క ఫోను చేసింది. ఆవిడ తమ ఊళ్లో వార్డు మెంబరు. ట్యాంకరు వచ్చిన రోజు కూడా ఫోను చేసి వచ్చిందని చెప్పే మనిషి.

"మేడమ్, మా నీళ్లు యాడికి పోతాండాయి? బండి మా ఊరి క్రాసు దాకా వచ్చినాది. ఆడ నిలబడి ఫోను చూసుకున్యాడు, అట్లే మలుపుకొని పోయినాడు. ఆడోళ్లమంతా ఎండలో నిలబడుకోని ఉండాము."

డ్రైవరుకు ఫోను చేయించాను. పాయింటు మారినట్టు మెసేజి వచ్చిందని, కొత్త పాయింటులో నీళ్లు దించేశానని అతను చెప్పాడు. ఎక్కడ దించావని అడిగితే, ఒక చీనీ తోటలో అన్నాడు. బత్తాయిని ఇక్కడ చీనీ అంటారు. తోటలో ఎందుకు దించావంటే, "మెసేజిలో అదే ఉండాది మేడమ్, నన్నేం చేయమంటారు?" అన్నాడు. తప్పు అతనిది కాదు. నీళ్లు లేక చీనీ చెట్లు నిలువునా ఎండిపోతున్న ఏడాది అది. చెట్లను బతికించుకోవడానికి రైతులు ట్యాంకర్లు కొని పోసుకుంటున్నారు. కానీ ఇవి తాగే నీళ్లు.

వెబ్‌సైటులో చూశాను. పాయింటు మార్చింది సునీత అని ఉంది.

సునీత మా ఆపరేటర్లలో ఒకతె. కాంట్రాక్టు ఉద్యోగం. ముదిగుబ్బ నుంచి రోజూ బస్సులో వచ్చేది. వాళ్ల నాయన గొర్రెలు కాచేవాడు, తల్లి కూలికి పోయేది. ఇంట్లో ఆఫీసు ఉద్యోగం చేసిన మొదటి మనిషి ఆ అమ్మాయే. పిలిచి అడిగితే, ఆ రోజు బెళుగుప్ప మండలం పేజీయే తెరవలేదంది. పొరపాటున చెయ్యి తగిలిందేమో చూసుకోమని ఈఈ గారు మందలించి వదిలేశారు.

మరుసటి రోజు ముదిగుబ్బ మండలంలో ఒక ఊరికి పోవలసిన ట్యాంకరు మరో చీనీ తోటకు పోయింది. మళ్లీ సునీత పేరే. ఈసారి మందలింపు లేదు. సొంత మండలం, సొంత మనుషులు, ఎవరితోనో మాట్లాడుకుందని ఆఫీసులో అప్పటికే అనేసుకున్నారు. ఈఈ గారు ఆమెను రేపటి నుంచి రావద్దని నోటిమాటగా చెప్పి, పోలీసులకు ఫిర్యాదు ఇచ్చారు.

సునీత నా గదికి వచ్చి నిలబడింది. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మేడమ్, నేను దొంగతనం చేసినానని అంటాండారు. ఆ తోట ఎవరిదో కూడా నాకు తెల్దు. మా నాయనకు ఈ మాట పోతే అన్నం తినడు. ఆదివారం చర్చికి యా మొగం పెట్టుకోని పోవాల?"

పాస్‌వర్డు ఎవరికైనా చెప్పావా అని అడిగాను. చెప్పలేదంది. ఎక్కడైనా రాసిపెట్టావా అంటే, లేదంది. అబద్ధం చెబుతున్నట్టు నాకు అనిపించలేదు. అయితే అనిపించడం పరీక్ష కాదు. నా వృత్తిలో దానికి విలువ లేదు.

సబ్‌ఇన్‌స్పెక్టరు మధ్యాహ్నం వచ్చాడు. నిదానమైన మనిషి. పాయింటు మార్చింది ఆఫీసు బయటి కంప్యూటరు నుంచి అని నేను చూపించాను. ఆయన తల ఊపి, అది ఇంకా చెడ్డదన్నాడు. ఆమె చెప్పకుండా బయటివాడికి పాస్‌వర్డు ఎలా తెలుస్తుందని అడిగాడు.

"మేడమ్, ఆ అమ్మాయి చెప్పకుండా అది బయటికి పోయే దారి ఒకటి చూపించండి. నేను గమ్మునుంటా. లేదంటే రేపు స్టేషనుకు పిలవాల్సిందే."

న్యాయమైన ప్రశ్నే. నేను మరునాటి మధ్యాహ్నం వరకు గడువు అడిగాను. ఆయన ఒప్పుకున్నాడు.

ఇక్కడ వెబ్ సర్వరు గురించి కొంచెం చెప్పాలి. సర్వరంటే పెద్ద యంత్రమనుకుంటారు. నిజానికి అది ఒక ప్రోగ్రాము. మీరు బ్రౌజరులో చిరునామా కొడితే, దానికి సరిపడే ఫైలును వెతికి మీకు పంపడం దాని పని. బయటివాళ్లు చూడదగినవన్నీ ఒక ఫోల్డరులో పెడతాం. ఆ ఫోల్డరు దాటి సర్వరు దేన్నీ ఇవ్వకూడదు. అయితే చిరునామాలో రెండు చుక్కలు, ఒక ఏటవాలు గీత పెడితే ‘ఒక ఫోల్డరు పైకి వెళ్లు’ అని కంప్యూటరు అర్థం చేసుకుంటుంది. అలా పైకెక్కి పక్క ఫోల్డర్లలోకి దిగాలని చూసేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. అందుకని వచ్చిన ప్రతి చిరునామానూ సర్వరు ముందుగా పరీక్షించి, ఆ చుక్కలుంటే తిప్పి పంపాలి. బయటినుంచి వచ్చిన దేన్నయినా వాడే ముందు ఇలా పరీక్షించడం మా వృత్తిలో మొదటి పాఠం.

ఇందులో ఒక చిక్కు ఉంది. వెబ్ చిరునామాలో ఏ అక్షరాన్నయినా శాతం గుర్తుతో మొదలయ్యే మారురాతలో కూడా రాయవచ్చు. చుక్కకూ అలాంటి మారురాత ఉంది. సర్వరు ముందు ఆ మారురాతను మామూలు అక్షరాల్లోకి విప్పి, ఆ తర్వాత పరీక్షించాలి. పరీక్ష ముందు చేసి తర్వాత విప్పితే, పరీక్ష సమయానికి చుక్కలు కనబడవు. విప్పాక ప్రత్యక్షమవుతాయి. అప్పటికి తలుపు దాటేసి ఉంటాయి.

సర్వరుకు వచ్చిన అభ్యర్థనలను మరునాడు ఉదయం నుంచి చూస్తూ పోగా, కొన్ని చిరునామాల్లో ఆ శాతం గుర్తులు గుంపులుగా కనిపించాయి. మామూలు ఆపరేటరు ఎవరూ అలా కొట్టరు. మా వెబ్‌సైటు తయారుచేసింది హైదరాబాదులోని ఒక కంపెనీ. సర్వరు ప్రోగ్రాము మాత్రం వేరేవాళ్లు రాసింది; వేసవికి ముందే కంపెనీ దాన్ని కొత్త వెర్షనుకు మార్చింది. పాత వెర్షనులో వరస సరిగ్గానే ఉంది. వేగం కోసం కొత్తదానిలో ఆ భాగాన్ని తిరగరాసినప్పుడు పరీక్ష ముందుకు, విప్పడం వెనక్కు జరిగింది. ఆ ప్రోగ్రాము తయారీదారులు లోపం సంగతి ప్రకటించి సవరణ విడుదల చేసింది సరిగ్గా ఆ వారంలోనే. మాకు ఎవరూ చెప్పలేదు.

మధ్యాహ్నం ఈఈ గారి గదిలో సబ్‌ఇన్‌స్పెక్టరు ముందు నా సొంత సెల్‌ఫోను బల్ల మీద పెట్టాను. ఆఫీసు నెట్‌కు దానికి సంబంధం లేదని, లాగిన్ కూడా చేయలేదని ఇద్దరికీ చూపించాను. బ్రౌజరులో మా వెబ్‌సైటు చిరునామా కొట్టి, చివర ఆ మారురాత చుక్కలు చేర్చి, పక్క ఫోల్డరులోని ఒక ఫైలు పేరు పెట్టాను. కంపెనీవాళ్లు ఆపరేటర్ల లాగిన్ల కాపీని అక్కడ దాచి మరచిపోయారు. పాస్‌వర్డులను ఎవరికీ అర్థంకాని రూపంలోకి మార్చి ఉంచాలి. ఆ కాపీలో అవి ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి.

ఫోను తెర నిండా పేర్లు, పక్కన పాస్‌వర్డులు వచ్చాయి. సునీతది ఉంది. మిగతా ఆపరేటర్లవీ ఉన్నాయి. ఈఈ గారు కళ్లద్దాలు పెట్టుకొని వేలితో జరుపుతూ పోయి ఒక వరస దగ్గర ఆగారు.

"ఇది నాది కదా! మా మనవరాలి పేరు!"

సబ్‌ఇన్‌స్పెక్టరు ఫోను అందుకొని తానూ చూశాడు. "అయితే సార్, మీరు కూడా చీనీ తోటకు నీళ్లు తోలించి ఉండచ్చు" అన్నాడు. నవ్వలేదు. ఈఈ గారు కూడా నవ్వలేదు. సునీతను స్టేషనుకు పిలిచే విషయం అక్కడితో ఆగింది.

అసలు గొడవ ఆ తర్వాత మొదలైంది. సర్వరును అప్పటికప్పుడు ఆపేయాలన్నాను. ఈఈ గారు కుర్చీలోంచి లేచారు. ఆయనది ఈ జిల్లాయే, కోపం వస్తే ఆఫీసు భాష వదిలేసేవారు.

"ఆపేస్తే బండ్లు ఎవరు నడిపిస్తారు మేడమ్? ఇన్ని ఊర్లు నోరు తెరుచుకోని ఉండాయి. రెండు బండ్లు పోయినాయని అన్నీ నిలబెట్టమంటారా?"

కంపెనీ ఇంజినీరు ఫోనులో, సవరణ సాయంత్రానికి వేసేస్తామని, ఆపనవసరం లేదని అన్నాడు. పాత వెర్షనుకు వెనక్కి పోదామంటే, వెబ్‌సైటులో మిగతా భాగాలు దానితో పనిచేయవన్నాడు. నేను ఈఈ గారికి ఒకటే చెప్పాను. ఇప్పటిదాకా తిప్పిన రెండు ట్యాంకర్లు ఏవో మనకు తెలుసు. సర్వరు తెరిచి ఉన్నంతసేపు తెలియకుండా ఎన్నయినా తిప్పవచ్చు. పాస్‌వర్డులన్నీ మార్చినా, కొత్తవాటిని సర్వరులో పెట్టిన మరుక్షణం బయటివాళ్లు చదవగలరు. మండల ఏఈలకు ఫోన్లు చేసి, వాళ్ల చేత డ్రైవర్లకు చెప్పించి నడుపుదామన్నాను. చివరికి ఆయన ఆపమన్నారు. ఆ నిర్ణయం బాధ్యత ఆయనదే. నేను సలహా మాత్రమే ఇచ్చాను.

ఫోన్ల మీద పని మొదలైంది. ఏఈలలో కొందరు వెంటనే అందుకున్నారు, కొందరికి సిగ్నలు లేదు. ఒక మండలంలో రెండు ట్యాంకర్లు ఒకే ఊరికి పోయి, పక్క ఊరికి ఒక పూటంతా నీళ్లు అందలేదు. ఆ ఊరివాళ్లు ఖాళీ బిందెలతో రోడ్డెక్కి బస్సులు ఆపారు. సర్వరు ఆపడం వల్ల జరిగిన నష్టమది. దాన్ని దాచడానికి లేదు.

లక్ష్మక్కకు నేనే ఫోను చేసి, కొన్నాళ్లు మెసేజీలుండవు, బండి అటూ ఇటూ కావచ్చని చెప్పాను.

"కంప్యూటరు లేనప్పుడు కూడా నీళ్లు తాగినాం లేమ్మా" అంది. "బండి ఎప్పుడొస్తాదో చెప్పు, సాలు. అయినా ఆ పాప చేసిందంటాండారే, నిజమేనా?"

కాదని చెప్పాను. పోలీసులు కాకుండా ఆ ప్రశ్న అడిగిన మొదటి మనిషి ఆవిడే.

రెండు మూడు రోజుల్లో కంపెనీ సవరణ వేసింది. పని పూర్తయిందని, సర్వరు సురక్షితమని కంపెనీ రాసి పంపింది. ఈఈ గారు ఊపిరి పీల్చుకున్నారు. తిరిగి ప్రారంభించే నోటు నా బల్ల మీదకు వచ్చింది. నేను సంతకం చేస్తే చాలు.

సంతకానికి ముందు నేను చేయవలసిన పరీక్ష ఒకటుంది. కంపెనీ, నేను తప్ప ఎవరూ తెరవడానికి వీల్లేని విధంగా సర్వరును పెట్టించి, మొదట పాత చిరునామానే కొట్టాను. తిప్పికొట్టింది. మంచిదే. అయితే దొంగ ఆ ఒక్క తాళంచెవితోనే ఆగడు. సవరించినవాళ్లు మారురాతను ఒకసారి విప్పి పరీక్షిస్తున్నారు. ఆ మారురాతకే మళ్లీ మారురాత రాస్తే? శాతం గుర్తుకూ ఒక మారురాత ఉంది. దాన్ని పెట్టి కొట్టాను.

పాస్‌వర్డుల కాపీని అప్పటికే తీసేయించాను కాబట్టి అది రాలేదు. కానీ దాని పక్కనున్న మరో ఫైలు మొత్తం వచ్చింది. మొదటి పొర విప్పి పరీక్షించాక, సర్వరు లోపల ఇంకో చోట రెండో పొరను కూడా విప్పుతోంది. ఆ రెండోసారి పరీక్ష లేదు. సవరణ సగమే.

నోటు మీద సంతకం పెట్టకుండా ఈఈ గారి గదికి తీసుకెళ్లాను.

"మళ్లా ఏమి మేడమ్?" అన్నారాయన. అప్పటికి రోడ్డెక్కిన ఊరి గురించి పై అధికారులకు సంజాయిషీ రాస్తున్నారు. "బాగు చేసినామని రాసిచ్చినారు కదా వాళ్లు. ఇంత మెలికలు తిప్పి ఎవడు కొడతాడప్పా?"

మొదటిది కూడా అంత మెలికగానే ఉందని, దాన్ని ఎవరో కొట్టారు కాబట్టే మనమిక్కడ ఉన్నామని చెప్పాను. కంపెనీ ఇంజినీరు ఫోనులో కొంచెం కటువుగానే, మీ పరీక్ష అవసరానికి మించినదన్నాడు. తయారీదారులు ఇచ్చిన సవరణను తాము యథాతథంగా వేశామని, అంతకుమించి తమ బాధ్యత కాదని కూడా అన్నాడు. అందులో కొంత నిజముంది. నేను కనిపెట్టినదాన్ని తయారీదారులకు రాసి పంపించాను. అదే సంగతి ఇతర చోట్ల ఇంకొందరు కూడా అప్పటికే రాశారని వాళ్ల జవాబు వచ్చింది. కొద్ది రోజుల్లో రెండో సవరణ విడుదలైంది.

ఆ కొద్ది రోజులు తేలిగ్గా గడవలేదు. ఈఈ గారు నాతో అవసరానికి మించి మాట్లాడలేదు. పట్టుదలకు పోయి ఊళ్లను ఎండబెడుతున్నానని ఆఫీసులో కొందరు నా వెనక అన్నారు. ఏఈలు నీరసించారు. ఆపరేటర్లు గొంతులు బొంగురుపోయేలా ఫోన్లు చేశారు. నేనూ ఒక ఫోను దగ్గర కూర్చుని బండ్లు పంపాను. ఏ ఊరికి ముందు, ఏ ఊరికి వెనక అని తేల్చే పని నా వృత్తిలో లేదు. ఆ పని చేసేవాళ్ల మీద గౌరవం పెరిగింది.

రెండో సవరణ వేశాక మారురాతను ఒక పొర, రెండు పొరలు, ఇంకా నాకు తెలిసిన అన్ని విధాలుగా మార్చి కొట్టాను. అన్నీ తిరిగొచ్చాయి. బయటి ఫోల్డరు పక్కన ఏ ఫైలూ ఉంచకుండా తీయించాను. పాస్‌వర్డులన్నీ మార్పించాను. ఈసారి సంతకం పెట్టాను. సర్వరు తెరిచారు.

పోలీసులు ఆ బయటి కంప్యూటరును పట్టుకున్నారు. ట్యాంకర్లు తోలించే ఒక బ్రోకరు దగ్గర పనిచేసే మనిషి పేరు బయటపడింది. నెట్‌లో ఎవరో పెట్టిన చిరునామాను చూసి అలాగే కొట్టానని అతను చెప్పాడట. చీనీ తోటల రైతులు తాము కొనుక్కున్నది మామూలు నీళ్లేననుకున్నారు. కేసు కోర్టులో ఉంది కాబట్టి అంతకుమించి రాయను.

ఇక మిగిలింది సునీత. ఈఈ గారు ఆమెకు ఫోను చేయించి పనిలోకి రమ్మన్నారు. ఆమె వచ్చింది కానీ సీట్లో కూర్చోలేదు. నేరుగా ఆయన గదిలోకి వెళ్లింది. నేను అక్కడే ఉన్నాను.

"సార్, నోటిమాటతో పొమ్మన్యారు, నోటిమాటతో రమ్మంటాండారు. నన్ను దొంగ అనింది ఊరంతా విన్యారు. కాదనేది కూడా ఊరు వినాల కదా. నాకు కాగితం కావాల."

కాంట్రాక్టు ఉద్యోగి ఈఈ గారితో అలా మాట్లాడడం ఆ ఆఫీసులో ఎవరూ వినలేదు. ఆయన మొహం ఎర్రబడింది. నిన్ను పోలీసులే వదిలేశారు కదా, ఇంకా కాగితమెందుకన్నారు. వదిలేయడం వేరు, తప్పు లేదనడం వేరని ఆ అమ్మాయి అంది. ఆయన నా వైపు తిరిగారు. రాయవలసిందేనని, సాంకేతిక భాగం నేను రాసి సంతకం పెడతానని చెప్పాను.

ఆ సాయంత్రమే ఉత్తర్వు తయారైంది. ఆమె పాస్‌వర్డు సర్వరు ప్రోగ్రాములోని లోపం వల్ల బయటికి పోయిందని, అందులో ఆమె తప్పేమీ లేదని, తొలగింపును రద్దు చేస్తున్నామని అందులో రాశాం. ఈఈ గారు రెండుసార్లు చదివి, చివర తన చేత్తో ఒక వాక్యం చేర్చారు: విచారణకు ముందే తొలగించడం సరికాదు. ఎవరూ ఆయన్ని అడగలేదు. సునీత దాన్ని చదివి, మడిచి పర్సులో పెట్టుకొని, సీటుకు వెళ్లి కంప్యూటరు ఆన్ చేసింది.

ఆ తర్వాత నేను చేయించిన మార్పు ఒకటి చిన్నది. పాయింటు మార్పుల పట్టికలో ఒక గడి పైన ‘మార్చినవారు’ అని శీర్షిక ఉండేది. దాన్ని ‘వాడిన లాగిన్’ అని మార్పించాను. కంపెనీ ఇంజినీరు దీనివల్ల లాభమేమిటని అడిగాడు. లాభం లేదు, ఇప్పుడు అది నిజం చెబుతుందని చెప్పాను. యంత్రానికి తెలిసేది ఏ పాస్‌వర్డు వచ్చిందన్నది మాత్రమే. దాన్ని కొట్టిన చెయ్యి ఎవరిదో మనుషులే విచారించి తేల్చాలి. అది తేలేదాకా ఆ గడిలో కనిపించే పేరును బట్టి ఎవరినీ పని నుంచి తీయకూడదు. రిటైరయ్యే వరకు నేను పరీక్షించిన ప్రతి వ్యవస్థలోనూ ఆ శీర్షికనే ముందు చూశాను.